పదకొండు ఇళ్ల చెట్టు

శుక్రవారం లారీ వస్తుంది. అందులో వచ్చే కూలీలు పొద్దుగుంకేలోగా ఊళ్లోని ఇళ్ల కప్పులన్నీ దించి పట్టుకుపోతారు. పది ఇళ్లవాళ్లు సరేనన్నారు. సూవా ఒక్కతే ఇంకా నోరు విప్పలేదు.

ఆ నోరు విప్పించడానికే సోమవారం సాయంత్రం ఇద్దరు మగాళ్లు ఆమె పొయ్యి ముందు కూర్చున్నారు. ఒకడు ఆమె మరిది పావ్, ఊరిపెద్ద. రెండోవాడు లామ్, హానోయ్ నుంచి వచ్చిన వ్యాపారి. సూవా వాళ్లకి చెరో గ్లాసు మొక్కజొన్న సారా పోసి, మళ్లీ తిరగలి దగ్గరికి వెళ్లిపోయింది. పొడుగాటి కొయ్య పిడిని ముందుకీ వెనక్కీ తోస్తోంది. కూతురు లియా పిడికెడేసి గింజలు రాతి కంతలో పోస్తోంది. రాయి గరగరమంటుంటే ఎవరూ మాట్లాడే వీల్లేకుండా పోయింది.

లామ్ మాత్రం తల పైకెత్తి కప్పు వంకే చూస్తున్నాడు. నల్లగా నిగనిగలాడే పమూ చెక్క పెంకులు, వరస మీద వరస.

"ఏం రంగండీ!" అన్నాడు తిరగలి ఆగగానే. "మా రిసార్టుకొచ్చేవాళ్లకి కావలసింది ఇదే. కొత్త చెక్కకి ఎంత ఖర్చుపెట్టినా ఈ రంగు రాదు."

"అది రంగు కాదండీ, మసి," అంది లియా. "మా అమ్మ నలభయ్యేళ్లు వంట చేస్తే వచ్చింది."

లామ్ మనస్ఫూర్తిగా నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు. అడిగినదాన్ని దాచిపెట్టకుండా అడిగాడు. కొండవాలున తను కడుతున్న రిసార్టుకి పాత పమూ పెంకులే వెయ్యాలి. అడవిలో చెట్టు కొట్టడం ఇప్పుడు నేరం కాబట్టి పాత ఇళ్ల మీదివే దిక్కు. పదకొండు కప్పులూ కలిస్తేనే తన పైకప్పు నిండుతుంది. ఒక్కటి తగ్గినా మొత్తం బేరం వదులుకుని వేరే ఊరు చూసుకుంటాడు. బదులుగా ఇంటింటికీ నీలం రేకులు, బిగించే కూలీ తనదే, పైన ఒక గేదె ఖరీదు.

"వింటున్నావా వదినా?" అన్నాడు పావ్. అని దగ్గాడు. కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వింటున్నాను. కళ్లకేమైంది మరిదీ? నీ పెళ్లాం మాయ్ మిరపకాయలు దంచిందా?"

"జలుబు."

"నెల్లాళ్ల నుంచీనా?"

పావ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నెలకిందటే అతని ఇంటికి నమూనాగా రేకులు వేశారు. తీసిన పెంకులు గోడ పక్కన టార్పాలిన్ కింద పేర్చి ఉన్నాయి. ఊరిపెద్ద ఇల్లు నీలంగా మెరుస్తుంటే మిగతా తొమ్మిది ఇళ్లవాళ్లకీ మనసు లాగింది.

"నా కళ్ల సంగతి వదిలెయ్. నీ ఇల్లు చూసుకో." పొయ్యికి అవతల పెట్టిన కుండ వైపు వేలు చూపించాడు. మధ్యాహ్నం వాన నీరు ఇంకా అందులోకి చుక్కచుక్కగా రాలుతోంది. "కారుతోందా లేదా?"

"కారుతోంది. ఎందుకు కారుతోందో లామ్ గారికి తెలీదు. నీకూ తెలీదా?"

పావ్‌కి తెలుసు. పమూ పెంకుని అలా వేసి వదిలెయ్యకూడదు. కొన్నేళ్లకోసారి, కోతలయ్యాక, కప్పంతా తిరగెయ్యాలి. వాన తిన్న వైపు కిందికి, పొయ్యి సెగ తాగిన వైపు పైకి. అలా చూసుకుంటే మనుషుల కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. కాకపోతే అది ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఊరంతా కప్పెక్కి ఒక్కరోజులో తేల్చాలి. సూవా నాలుగేళ్లుగా పిలుస్తోంది. దిగువన కట్టుబడి పనుల నుంచి మగాళ్లు ఏలకుల కోతకని వస్తారు, అలిసిపోయి ఉంటారు, 'వచ్చే ఏడు చూద్దాంలే' అంటారు. ఆ మాట అన్నవాళ్లలో పావ్ మొదటివాడు.

"ఆలోచించుకోండమ్మా," అని లామ్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి గట్టిగా గాలి పీల్చాడు. "మీ ఇంట్లో ఏదో వాసన. అగరొత్తులా?"

"కప్పు," అంది సూవా. "వాన పడితే అది అలాగే వాసనేస్తుంది."

* * *

మర్నాడు నల్ల ఏలకుల కోత. ఏటా ఊరంతా కలిసే అడవిలోకి వెళ్తారు. ముందు వెళ్లేవాళ్లు సూవా గుమ్మం ముందు ఆగి ఒక కేక వేసి మరీ వెళ్తారు. ఆవేళ కేక రాలేదు. ఆమె బుట్ట వీపున తగిలించుకుని బయటికొచ్చేసరికి వాళ్ల మాటలు అప్పటికే పైన మలుపు దగ్గర వినిపిస్తున్నాయి.

"చూశావా?" అంది లియా. "అప్పుడే వెలేశారు మనల్ని. ఇచ్చెయ్యమ్మా ఆ కప్పు. పీడాపోతుంది. రేకులేసుకుందాం."

సూవా బుట్ట తాడు నుదుటి మీదికి సర్దుకుని నడిచింది.

పైకి పోయేకొద్దీ మంచు దట్టమైంది. వెదుర్లు పలచబడి పమూ చెట్లు మొదలయ్యాయి. ఈ కొండల్లో మబ్బు ఎక్కడ కూర్చుంటుందో ఆ చెట్టు అక్కడే పుడుతుంది, కిందికి దిగదు. నిట్టనిలువు మానులు, కొమ్మలన్నీ పైనెక్కడో. గాలికి విసనకర్రల్లాంటి ఆకు మట్టలు తిరగబడితే అడుగున సున్నం అద్దినట్టు తెల్లటి చారలు కనిపిస్తాయి. వాటి నీడలోనే ఏలకుల పొదలు. మొదలు దగ్గర మట్టిలోంచి ఎర్రటి గెలలు పొడుచుకొచ్చి ఉన్నాయి.

తల్లీకూతుళ్లు ఒక వాలు పట్టుకుని కోశారు. వంగడం, ఆకులు తొలగించడం, గెల మొదట్లో చాకు పెట్టి ఒక్క గుంజు. మిగతావాళ్లు అవతలి వాలున నవ్వుకుంటూ కోస్తున్నారు. ఇటువైపు ఎవరూ రాలేదు.

బుట్ట నిండాక సూవా, ఊరి కప్పులన్నిటికీ పెంకులిచ్చిన పమూ చెట్టు మొద్దు దగ్గరికి వెళ్లింది. నలుగురు పడుకోగలిగినంత వెడల్పు మొద్దు. నలభయ్యేళ్ల వానలు కురిసినా గోటితో గీస్తే కింద ఇంకా తేనె రంగే. చుట్టూ దాని పిల్లలు మోకాలెత్తు, నడుమెత్తు లేచి ఉన్నాయి.

దాని మీద పావ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. దగ్గు లేదు. కళ్ల ఎరుపు కూడా తగ్గింది.

"అడవిలో జలుబు తగ్గినట్టుందే," అంది సూవా.

పావ్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. మొద్దు అంచు గీకుతూ, "వదినా, నిన్ను బతిమాలుకోవడం నాకూ బాగాలేదు," అన్నాడు. "సేంగ్ తాతకి గేదె చచ్చిపోయింది. త్సా వాళ్లు కొత్తగా వేరు పడ్డారు, దున్నడానికి ఏమీ లేదు. పది ఇళ్లకి చేతికొచ్చింది నీ మూలంగా పోతే ఊళ్లో నిన్నేమంటారో ఆలోచించు."

"ఏమంటారు?"

"అడ్డం పడిందంటారు."

ఆ మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది. కొత్త కోడలిగా ఈ చెట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకి ఊళ్లో ఎవరి పేరూ తెలియదు. ఆ చలికాలమంతా మగాళ్లు ఇక్కడే మంట వేసుకుని దుంగలు చీల్చారు. చీలిక కత్తి నిలబెట్టి కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే, చెట్టు తనంతట తనే నార వెంట విచ్చుకునేది. ఆ పెంకులు వీపున మోసి కిందికి దించింది ఆడవాళ్లు. అందరికంటే పెద్ద మోపు తనదే. ఆరోజు నుంచీ ఎవరి పనికీ ఆమె వెనకాడలేదు. అడ్డం అన్న మాట ఆమె పేరు పక్కన ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు పడనివ్వదు.

"సరే, ఇస్తాను," అంది.

పావ్ నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు.

"కానీ నా కప్పు మీద కూలీలు చెయ్యి వెయ్యకూడదు. ఇంటింటివాళ్లూ వచ్చి ఎవరి మోపు వాళ్లే దించుకోవాలి. లారీ వచ్చేలోగా. అదే కదా మన పద్ధతి?"

పద్ధతి అదే. ఏ ఇల్లు కప్పినా మిగతా ఇళ్లన్నీ తలా ఒక మోపు పెంకులు చీల్చి తెచ్చేవి. ప్రతి పెంకు మందపు చివరన, లోపలి వైపు, ఆ ఇంటి గుర్తు ఒకటి చెక్కేవారు. ఎప్పుడైనా ఆ కప్పు విప్పాల్సివస్తే ఇచ్చిన చేతులే వచ్చి వెనక్కి తీసుకోవాలి. అలా చెయ్యకపోతే ఇచ్చినవాళ్లని ఇంట్లోంచి గెంటినట్టే.

"మా ఇంటికి అలా చెయ్యలేదు," అన్నాడు పావ్ నెమ్మదిగా. "లామ్ మనుషులు గునపాలతో పూటలో పీకేశారు."

"తెలుసు. దాంట్లో మీ అన్న చెక్కిన మోపు కూడా ఉంది. నన్నెవరూ పిలవలేదు."

ఆమె బుట్ట ఎత్తుకుని దిగిపోయింది. పావ్ మొద్దు మీదే ఉండిపోయాడు.

* * *

గురువారం సూవా ఇంటింటికీ వెళ్లి స్వయంగా పిలిచింది. "రేపు పొద్దున్నే మీ మోపు దించుకోండి." అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. త్సా పెళ్లాం ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

చివరగా పావ్ ఇల్లు. గుమ్మంలో అడుగుపెట్టగానే పొగ ఆమె ముఖం మీదికి కొట్టింది. చెక్క కప్పయితే పెంకుల సందుల్లోంచి పొగ తన దారిన తను పోతుంది. ఇక్కడ పోవడానికి సందు లేక రేకుల కింద మబ్బులా వేలాడుతోంది. పొగలోంచి తోటికోడలు మాయ్ వచ్చింది, తలగుడ్డ కొస ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"తలుపు వెయ్యకక్కా. తెరిచి ఉంటేనే మనిషి మనిషికి కనబడేది."

"ఎలా వండుతున్నావే ఇందులో?"

"ఏడుస్తూ." మాయ్ ఆమె చెయ్యి పట్టుకుని అటక మెట్ల దాకా లాక్కెళ్లింది. పైన దూలానికి వేలాడదీసిన మొక్కజొన్న కంకుల్లో ఒకటి తెంపి చేతిలో పెట్టింది. గింజల మధ్య పచ్చటి బూజు. "రాత్రంతా రేకు చల్లబడి చెమట పోస్తుంది. తెల్లారేసరికి కంకులు తడిసి ముద్ద. సగం పందులకే పోశాను. ఎక్కడా అనకు. ఊరిపెద్ద గారు 'అంతా బ్రహ్మాండంగా ఉంది' అని అందరికీ చెప్పేశారుగా! అలవాటైపోతుందట. ఆయనకి రోజూ సాయంత్రం ఏదో ఒక ఇంట్లో పని పడుతోంది, చూశావుగా. సొంతింటి పొయ్యి దగ్గర మాత్రం కూర్చోడు."

సూవా ఆ కంకిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది పట్టుకుని వీధిలోకి వెళ్లి నలుగురికీ చూపిస్తే చాలు. ఊళ్లో ఒక్క కప్పు కదలదు. పావ్ పరువు మాత్రం ఆ పూటే పోతుంది. తన భర్త తమ్ముడు.

కంకిని మాయ్ చేతిలో పెట్టేసింది.

"మరిదిని రేపు పొద్దున్నే పంపు. మీ మోపు కూడా ఉంది నా కప్పులో."

* * *

శుక్రవారం ఆకాశం కడిగినట్టు తేటగా ఉంది. సూవా పొయ్యి ఆర్పి, గిన్నెలు మూసి, అటక మీది కంకుల మీద జనపనార దుప్పట్లు కప్పింది. బయట తాళ్ల చుట్టలు వరసగా పెట్టింది, దించిన మోపులు కట్టుకోవడానికి. నిచ్చెన చూరుకి ఆనించింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు కప్పెక్కే అలవాటు లేదు. ఆమె నిచ్చెన పక్కనే నిలబడింది.

ఇంటికొకరు చొప్పున బుట్టలతో వచ్చారు. పావ్ అందరికంటే ముందొచ్చాడు, దగ్గుకుంటూ. సేంగ్ తాతని ఎక్కొద్దన్నా వినలేదు. కప్పు పై అంచున, కొప్పు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, "నేను కూర్చున్న చోటే ఈ కప్పు మొదలైంది, నేనే విప్పుతాను," అన్నాడు.

పెంకుల మీద బరువుకి పెట్టిన రాళ్లు దించారు. అడ్డకర్రలు తీశారు. తాత మొదటి పెంకు లేపి, గుర్తు కోసం తిరగేశాడు.

"నాది కాదు. రెండు గాట్లు. ఒరే త్సా, మీ నాయన గుర్తు. అప్పుడు కూడా వంకరగానే చెక్కాడు."

"వంకరైనా అరిగిపోలేదు కదా తాతా, మీ పళ్లలాగా!"

నవ్వులు. తాత ఆ పెంకు ఎక్కడ పెట్టాలా అని చూశాడు. త్సా రెండు వరసల అవతల ఉన్నాడు. చేతిలో పట్టుకుని రెండోది వెతకడం కుదరదు. లేపిన చోటే, పెంకుల్ని మోసే పెండెబద్దల మీద, తిరగేసినదాన్ని తిరగేసినట్టే పెట్టేశాడు. రెండోది లేపాడు. అదీ తనది కాదు. దాన్నీ అలాగే పెట్టాడు.

ఏ ఇంటి పెంకులు ఆ ఇంటివి ఒకచోట లేవు. నలభయ్యేళ్ల కింద చేతికి అందింది అందినట్టు పరిచారు. ఒక్కో వరసలో పదకొండు ఇళ్లూ కలిసిపోయి ఉన్నాయి. గుర్తు చూడాలంటే ప్రతిదీ తిరగెయ్యాలి. చూశాక ఎక్కడో ఒకచోట పెట్టాలి.

మొదట సూవాకి కూడా తట్టలేదు. వాసన వచ్చాక తల పైకెత్తింది. పొడి వాసన, తీపిగా, ఘాటుగా, మొద్దు దగ్గర గోటితో గీస్తే వచ్చే వాసనే. ఇంటి చుట్టూ కమ్ముకుంటోంది. పక్క ఇళ్ల ఆడవాళ్లు పనులొదిలి వాకిట్లోకి వచ్చేశారు.

కొప్పు దగ్గర సేంగ్ తాత ఒక పెంకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అరచేత్తో మసి తుడిచాడు. మూడు గాట్లు, మధ్యది పొడుగు. వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది.

"దొరికిందా తాతా?" అన్నాడు పావ్. "బుట్టలో వేసెయ్."

తాత విననట్టే ఉన్నాడు. ఇంకోసారి కొట్టి విన్నాడు. తర్వాత దాన్ని తిరగేసిన వైపు పైకి పెట్టి, పై వరస దాని మీదికి రెండు వేళ్ల మేర వచ్చేలా సర్ది, అరచేత్తో ఒక దెబ్బ వేసి బిగించాడు. పక్కదాని మీద చెయ్యి వేశాడు.

త్సా కళ్లప్పగించి చూశాడు. అతని చేతిలోనూ తన ఇంటి పెంకే ఉంది. బుట్ట వంక చూశాడు, తాత వంక చూశాడు. వంగి, ఉన్నచోటే దాన్ని పరిచాడు.

ఆ తర్వాత ఎవరూ గుర్తుల మాట ఎత్తలేదు. చేతులకి పని గుర్తొచ్చింది. ఒకరు లేపడం, ఒకరు అందుకుని చాకుతో మసి గీకడం, ఒకరు సర్దడం. చివర కుళ్లినవాటిని పందుల కొట్టం మీదికని కిందికి విసిరేశారు. బాగున్నవాటిని పైకి జరిపి, పొట్టివాటిని చూరుకి పెట్టారు. "అటు దూరం జరుగు!" "నీ కాలు తియ్, నా వేలు!" "కట్టుబడి పనికి పోయి ఇదా నేర్చుకున్నది? సిమెంటనుకున్నావా, పొయ్యడానికి!" కొప్పు నుంచి నల్లటి కప్పు తగ్గుతూ వస్తోంది. తేనె రంగు కిందికి దిగుతోంది.

లియా నిచ్చెన దగ్గరికి వచ్చింది. "అమ్మా, తాళ్లు ఎవరూ అడగట్లేదేం?"

"అరవకు," అంది సూవా. ఆమె చేతులు రెండూ నిచ్చెనని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

మధ్యాహ్నానికి కింద మలుపులో లారీ హారన్ వినిపించింది. కప్పు మీద అందరి చేతులూ ఒక్క క్షణం ఆగాయి. అందరూ పావ్ వంక చూశారు. అతను చూరు దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో పెంకు. నాలుగేళ్లుగా 'వచ్చే ఏడు' అన్నవాడు, ఊరంతటికీ రేకు చూపించి ఆశ పెట్టినవాడు.

పావ్ హారన్ వచ్చిన వైపు చూడలేదు. "చెయ్యాపితే పొద్దుగుంకుతుంది. కానివ్వండి," అన్నాడు.

లామ్ వాకిట్లోకి వచ్చి తలెత్తి చూశాడు. దించిన కప్పు కోసం వచ్చినవాడికి ఎండలో బంగారంలా వెలుగుతున్న కప్పు కనిపించింది.

"ఇదేంటి పావ్? దించలేదా?"

"దించడానికే ఎక్కామండీ."

"మరి?"

పావ్ అరచేత్తో కప్పు నిమిరాడు. "ఇదంతా ఒక్క చెట్టండీ," అన్నాడు. "ముక్కలుగా ఇవ్వడం మాకు చేతకావట్లేదు."

"ఖరీదు తక్కువైతే చెప్పండి. గేదెకి రెండు గేదెలిస్తాను."

త్సా గడ్డం గోక్కున్నాడు. సేంగ్ తాత మాత్రం కొప్పు మీంచి వంగి, "గేదె చస్తే మళ్లీ కొనుక్కోవచ్చు బాబూ," అన్నాడు. "ఇలాంటి చెట్టుని మళ్లీ కొట్టనివ్వరు. నిజం చెప్పాలంటే, నేనైనా కొట్టనివ్వను."

"లారీ ఖాళీగా పోనక్కర్లేదండీ," అన్నాడు పావ్. దగ్గు వచ్చింది. ఈసారి దాన్ని దాచుకోలేదు. "మా ఇంటి రేకులు విప్పించి పట్టుకుపోండి. పొగకి ఛస్తున్నాం. అటక మీద గింజలన్నీ బూజు పట్టాయి. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. మాయ్ ఒక్కతే వాకిట్లో తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

ఇక మిగిలింది కొప్పు మీద చివరి పెంకు. ఆ ఇంటి గుర్తు ఉన్నది. దాన్ని ఆ ఇంటి యజమానే పెట్టాలి. ఆ యజమాని, సూవా భర్త, పోయి ఏడేళ్లయింది. తాత దాన్ని పక్కన విడిగా ఉంచాడు. పావ్ అందుకోవడానికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

నిచ్చెన కిర్రుమంది. సూవా ఎక్కుతోంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. మగాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. ఆమె నాలుగు కాళ్ల మీద పాకుతూ కొప్పు చేరి, పెంకు చేతిలోకి తీసుకుని అడుగు వైపు చూసింది. ఒకే ఒక లోతైన గాటు. మీ ఇంటి గుర్తు ఇంత సులువేమిటని పెళ్లయిన కొత్తలో అడిగితే, 'నువ్వు మోసే పెద్ద మోపుకి ఎక్కువ పెంకులు చెక్కాలి కదా' అన్నాడు ఆయన. దాన్ని తిరగేసి, రెండు వేళ్ల మేర చూసుకుని, అరచేత్తో కొట్టింది. బిగిసింది.

"వదినా," అన్నాడు పావ్ వెనక నుంచి, అందరూ వినేలాగే. "రేపు మా ఇల్లు మళ్లీ కప్పుకోవాలి. నీ మోపు నువ్వొచ్చి పెట్టాలి."

సూవా వెనక్కి తిరిగి చూసింది.

"వచ్చే ఏడు చూద్దాంలే మరిదీ."

కప్పు మీదా వాకిట్లోనూ అందరూ గొల్లున నవ్వారు. పావ్ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నవ్వు సద్దుమణిగాక ఆమె అంది, "మాయ్‌ని పొద్దున్నే కంకులు దించి ఉంచమను. ఎండ రాగానే వస్తాను."

కింద లియా పొయ్యి వెలిగించినట్టుంది. కొత్తగా తిరగబడ్డ పెంకుల సందుల్లోంచి పొగ సన్నగా బయటికొచ్చింది. సూవా చుట్టూ, సేంగ్ తాత చుట్టూ లేచి, పైన మబ్బులో నిలబడ్డ పమూ చెట్ల వైపు సాగింది. వాకిట్లో లామ్ టోపీ తీసి, కళ్లు మూసుకుని ఆ వాసన పీలుస్తున్నాడు.

పావ్ నిచ్చెన దగ్గరికి జరిగి, దిగడానికి ఆసరాగా చెయ్యి అందించాడు.

సూవా కొప్పు మీదే సర్దుకుని కూర్చుంది. ఆమెకి దిగే తొందరేమీ లేదు.